వకుళ డ్యూటీ దిగలేదు

ఎర్రదిన్నె రేడియో కేంద్రం వాళ్ళు నా భార్య గొంతు తీసుకున్నారు, తిరిగి ఇవ్వలేదు. ఇందులో అనుమానానికి తావు లేదు. కాదనేవాళ్ళతో నాకు మాటల్లేవు.

కేంద్రం మూతపడి చాలా ఏళ్ళయింది. వకుళ చనిపోయి కూడా ఏళ్ళయింది. అయినా ఊళ్ళో ఇనుమంతా ఆమె గొంతుతోనే మాట్లాడుతోంది. సోడా కొట్టు షట్టరు ఎత్తితే శ్రోతలకు నమస్కారం చెబుతుంది. చేదబావి గిలక తిరిగినంతసేపూ వాతావరణం చెబుతుంది. బస్టాండులో ఇనప బల్లకు కాలు తగిలితే ఆముదం విత్తనాలు ఎప్పుడు వేయాలో చెబుతుంది. మా ఇంట్లో ఇనుము మాత్రం నోరు విప్పదు. గడియ, గొళ్ళెం, కొడవలి, ట్రంకుపెట్టె, అన్నీ మూగవే. చెవి ఆనించి చూశాను. చల్లగా ఉంటాయి, అంతే.

పొద్దున సుంకన్న మంగలి అంగడిలో కూర్చుని ఉన్నాను. కుర్చీ చేతులు ఉల్లిగడ్డల ధరలు చెబుతున్నాయి. సుంకన్న కత్తి గాలిలో పట్టుకుని వింటున్నాడు. నా గడ్డం సగం గీసి ఉంది.

"గీయప్పా," అంటాను.

"ఉండు మామా. కర్నూలు మార్కెట్టు వస్తాంది. అక్క చెప్పినాక గీస్తా."

"ఆ అక్క నా పెండ్లాం."

"నీ పెండ్లామే. ఎవరు కాదన్నారు? గొంతు మటుకు ఊరిది." అద్దంలోంచి నన్ను చూసి నవ్వుతాడు. "నీకేం తక్కువైంది మామా? దినామూ వస్తావు, వింటావు, పోతావు. గడ్డం లేకపోయినా గీయించుకునే మనిషి ఈ ఊర్లో నువ్వొక్కనివే. నేనేమన్నా టిక్కెట్టు పెట్టినానా?"

ఇలాంటి మాటలకు బదులు చెబితే మనిషి చులకన అవుతాడు.

అప్పుడు కుర్చీ నవ్వుతుంది. ఉల్లిగడ్డల తర్వాత, మిరపకాయల కంటే ముందు, వకుళ చిన్నగా నవ్వుతుంది. ఎందుకో తెలియదు. ఎండుమిరపలో నవ్వడానికి ఏమీ లేదు. కాపురం చేసినన్నాళ్ళూ ఆ నవ్వు మా ఇంట్లో నేను వినలేదు. మంగలి కుర్చీకి ఇచ్చింది.

మెడకు కట్టిన గుడ్డ లాగి పారేసి లేస్తాను.

"యాడికి మామా, సగం గడ్డంతో?"

"తెచ్చుకునేదానికి."

"ఏం తెచ్చుకుంటావు?"

అప్పటికే నేను రోడ్డు మీద ఉన్నాను.

కేంద్రం ఊరి చివర చవుడు నేలలో ఉంది. ఆ నేలలో గడ్డి కూడా మొలిచేది కాదు. చాకిరేవు వాళ్ళు బట్టల మురికి వదలడానికి ఆ మట్టి గంపల్లో ఎత్తుకుపోయేవాళ్ళు. ఒకరోజు ఇంజనీర్లు జీపు దిగి, చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, మీడియం వేవుకు ఇంతకంటే మంచి నేల జిల్లాలో లేదన్నారు. ఉప్పు నేల మీద గొంతు దూరం పోతుందట. నేల కింద రాగితీగలు వేళ్ళలాగా పరిచారు. మధ్యలో మేఘాలకు గుచ్చుకునేంత ఎత్తున ఇనప స్తంభం నిలబెట్టారు. అన్నీ అయ్యాక ఇందులో మాట్లాడేది ఎవరు అని అడిగారు. ఊళ్ళో ఉన్న గొంతులన్నీ వెతికి వకుళను పట్టుకున్నారు.

అప్పుడు నేను శనగనూనె మిల్లులో కాటా దగ్గర పని చేసేవాణ్ణి. వకుళ పొద్దున గొంతుతో పోయేది, సాయంత్రం గొంతు లేకుండా వచ్చేది. అన్నం పెట్టేటప్పుడు గరిటెతో గిన్నె అంచు మీద కొట్టేది. ఒకసారి కొడితే ఇంకొంచెం కావాలా అని. రెండుసార్లు కొడితే చాలా అని. నేను చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. మా కాపురంలో మాటలు అవే.

స్తంభం నీడ సూర్యుడి వైపే పడి ఉంది. కేంద్రం మూతపడ్డాక దానికి చెప్పేవాళ్ళు లేరు. ఎండకు నేల కాలుతోంది కాబట్టి నేను నీడ మీదనే నడుస్తాను. అది కొంచెం కదిలి దారి ఇస్తుంది.

తలుపుకు తాళం ఉంది, గోడ లేదు. లోపలికి పోతాను. వరండా నేను నడిచేకొద్దీ పొడుగవుతోంది. ప్రభుత్వ కట్టడం కాబట్టి అందులో వింతేమీ లేదు.

మొదటి గదిలో ప్రారంభోత్సవం ఇంకా జరుగుతోంది. ఎవరో రిబ్బను కత్తిరిస్తున్నారు. కత్తిరించిన చోట అది మళ్ళీ అతుక్కుంటోంది. చప్పట్లు కొట్టేవాళ్ళ అరచేతులు అరిగిపోయి మణికట్టుతో మణికట్టును కొడుతున్నారు. ఒకాయన నాకు కుర్చీ చూపించి, "కూర్చోండి, ముఖ్య అతిథి దారిలో ఉన్నారు" అంటాడు. నేను కూర్చోను. అసలు ప్రారంభోత్సవం రోజు కూడా నన్ను వెనక వరసలోనే కూర్చోబెట్టారు.

రెండో గదిలో చాకిరేవు ఉంది. బండ మీద మా ఊరి చాకలి గంగులమ్మత్త రికార్డింగు టేపులు ఉతుకుతోంది. ఆమె చనిపోయిందని విన్నాను, కానీ మొహం మీద అడగడం మర్యాద కాదు. గోధుమరంగు టేపు మూరలు మూరలుగా నీళ్ళలో ముంచి, చవుడు రాసి, బండకేసి కొడుతోంది. కొట్టినప్పుడల్లా అందులోంచి మాటలు చిట్లి కాలవలోకి జారుతున్నాయి.

ఈ కేంద్రంలో టేపులకు ఎప్పుడూ కరువే. పెద్ద మనుషుల ఉపన్యాసాలు బీరువాలో దాచేవాళ్ళు. మిగతావన్నీ చెరిపి, అదే టేపు మీద మళ్ళీ రికార్డు చేసేవాళ్ళు. వకుళ చదివినదేదీ బీరువాకు ఎక్కలేదు.

"అత్తా, అది వకుళ గొంతే కదా?"

"ఎవరిదైతే నాకేంది నాయనా. మాసిందేదొచ్చినా ఉతుకుతా. మాపటికి దీని మీద ఎరువులాయన మాట్లాడాలంట. ఆరకపోతే నన్నంటారు."

"ఉతికిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

"యాడికి పోతాయి? చవుట్లోకి. చవుట్లో రాగితీగలుండాయి గదా, అవి తాగుతాయి. ఆడి నుంచి ఊర్లో ఇనుముకు."

"మా ఇంటి ఇనుముకు ఎందుకు రావు?"

ఆమె ఉతకడం ఆపి నన్ను జాలిగా చూస్తుంది. "మీ ఇల్లు మిట్ట మీదుండాది గదప్పా. నీళ్ళు మిట్టకెక్కుతాయా?"

ఇన్నేళ్ళూ నేను రకరకాల కారణాలు అనుకున్నాను. వాటిలో ఇది లేదు. ఇంటికి పునాది వేసేటప్పుడు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

మూడో గదిలో కోరిన పాటల శ్రోతలు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. కేంద్రం మూసిన రోజు తమ పేర్లు చదువుతారని వచ్చినవాళ్ళు. లేచి పోతే అప్పుడే పేరు వస్తుందేమో అని లేవలేదు. బెంచీల కోళ్ళు వాళ్ళ కాళ్ళతో కలిసిపోయాయి. ముందు వరసలో బాసికాలు కట్టుకున్న జంట ఉంది. ఇద్దరి జుట్టూ తెల్లబడింది. బాసికాలు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

"అన్నా, మా పేర్లు అయిపోయినాయా?" పెళ్ళికొడుకు అడుగుతాడు. "కొండ్రపల్లి నుంచి నారపరెడ్డి, ఈశ్వరమ్మ. మా పెండ్లికని పాట అడిగినాం. పాట సగం వచ్చింది, ఆగిపాయ. పేర్లు చివర్లో చెప్తామన్యారు."

"నాకు తెలియదు."

"వకుళమ్మ మా ఊరి పేరు ఒత్తి పలుకుతాదన్నా. ఒకతూరి వింటే చాలు, లేచి పోతాం."

"కడుపు నిండుతుందా?" అంటాను.

ఈశ్వరమ్మ నన్ను ఎగాదిగా చూస్తుంది. "నీ పేరు ఎన్నడన్నా చదివిందా అన్నా?"

చదవలేదు. నేను పాట అడగలేదు. ఇంట్లో మనిషి ఉండగా ఊరంతటితో కలిసి వరసలో నిలబడి పాట అడిగే అలవాటు మా వంశంలో లేదు. ఆ మాట ఆమెతో అనను. తలుపు గట్టిగా వేసి వస్తాను.

చివరి గది డైరెక్టరుది. శేషగిరిరావు గారు నడుము దాకా మనిషి, కింద కుర్చీ. చాలా కాలం కూర్చోవడం వల్ల అలా అయింది. టేకు బాగా పాలిషు పట్టి ఉంది.

"నేను ఓబయ్యను. నా భార్య గొంతు ఇవ్వండి," అంటాను.

"మీ భార్య ఎవరు?"

"వకుళాదేవి. మీ అనౌన్సరు."

"ఆవిడ డ్యూటీలో ఉన్నారు."

"ఆమె చనిపోయింది."

"సెలవు పెట్టలేదే?"

"చనిపోయిన మనిషి సెలవు ఎట్లా పెడుతుంది?"

"నేను అనేదీ అదే," అంటాడు ఆయన, నేను ఒప్పుకున్నందుకు సంతోషిస్తూ. "ఓబయ్య గారూ, మీకు ఇక్కడి పద్ధతి తెలియదు. ప్రసారం మొదలైతే అది ముగింపు ప్రకటనతోనే ముగియాలి. మూసిన రోజు పై నుంచి ఫోను వచ్చింది. పాట సగంలో ఉంది. ఉన్నవాళ్ళు ఉన్నట్టే జీపు ఎక్కారు. ముగింపు ప్రకటన ఎవరూ చదవలేదు. ప్రకటన చదవలేదు కాబట్టి ప్రసారం ముగియలేదు. ప్రసారం ముగియలేదు కాబట్టి వకుళాదేవి గారు డ్యూటీ దిగలేదు. ఇందులో నా చేతిలో ఏముంది?"

"అయితే ఆమెనే చదవమనండి."

"చనిపోయినవాళ్ళు కొత్త ప్రకటన చదవకూడదు."

"మార్కెట్టు ధరలు చదువుతోంది గదా?"

"అవి పాత ధరలు. మీరు గమనించలేదా? ఆ ధరకు ఉల్లిగడ్డ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?"

నేను గమనించలేదు. సుంకన్నకు చెప్పాలి.

"మీరు చదవండి," అంటాను.

"నేను డైరెక్టరును. చదివించడం నా పని." సొరుగు లాగి హెడ్‌ఫోను తీస్తాడు. దానికి కొత్తిమీర మొలిచి ఉంది. ఒక రెమ్మ తుంచి నములుతాడు. "ఒక దారి ఉంది. ఉద్యోగి చనిపోతే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం. ఏం చదువుకున్నారు?"

"మా పల్లె బడిలో ఎంతుందో అంత."

"గొంతు పరీక్ష పెట్టాలి. ఏదైనా అనండి."

"నా పెండ్లాం గొంతు ఇవ్వండి."

మాటలు నా నోట్లోంచి తూనికరాళ్ళై బల్ల మీద పడతాయి. ఒకటి దొర్లి ఆయన వేలి మీద పడుతుంది. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి, కొంచెం ఊపి చూసి, దించుతాడు.

"ఇది గాలిలో పోయే సరుకు కాదు. ఫెయిలు."

"అయితే పోతా."

"కారుణ్యం కింద పాసు." హెడ్‌ఫోను నా మెడలో వేస్తాడు. "మీ భార్యకు బదులు మీరు అనౌన్సరు. లోపలికి వెళ్ళి ముగింపు చదవండి. ఆవిడను తీసుకుపోండి."

నేను ఉద్యోగం అడగలేదు. ఆమెను తినేసిన ఉద్యోగాన్ని నా మెడలో వేసి, ఉపకారం చేసినట్టు నవ్వుతున్నాడు.

స్టూడియో గోడలకు చిల్లుల అట్టలు ఉన్నాయి. చిల్లులు మెల్లగా ఊపిరి పీలుస్తున్నాయి. తలుపు మీద, ప్రసారం నడుస్తోందని చెప్పే ఎర్రదీపం వెలుగుతోంది. మైకు ముందు కుర్చీలో వకుళ గొంతు కూర్చుని ఉంది. మనిషి లేదు. కుర్చీ మెత్త మాత్రం మనిషి కూర్చున్నంత మేర లోపలికి దిగి ఉంది. మైకు మీద కొంచెం ఆవిరి పట్టి ఉంది.

నన్ను చూసి కూడా ఆపదు. రాగల రోజుల్లో అక్కడక్కడా చినుకులు పడవచ్చని చదివి, పాట పెడుతుంది. సగంలో ఆగిన పాట మిగతా సగం మొదలవుతుంది. అవతలి గదిలో బెంచీలు కిర్రుమంటాయి.

అప్పుడు గొంతు నా వైపు తిరుగుతుంది.

"ఏమయ్యా, కొళాయి కట్టేసి వచ్చినావా?"

నాకు ఒళ్ళు మండుతుంది. "ఇన్నేళ్ళకు నాతో మాట్లాడి నువ్వడిగేది ఇదా?"

"మరేం అడగాల? కట్టకపోతే డ్రమ్ము నిండి వాకిలంతా బురదవుతాది."

"కట్టేసినా."

"గడ్డమేంది, సగముండాది?"

"నీ వల్లనే."

"అంతేలే. వాన రాకపోయినా నా వల్లనే," అని నవ్వుతుంది.

ఆ నవ్వే. ఎండుమిరపలకు ముందు నవ్విన నవ్వు. దాన్ని అందుకుందామని చెయ్యి చాపుతాను. అప్పుడే కిటికీ బయట ఊరంతా నవ్వుతుంది. షట్టర్లు, గిలకలు, బస్టాండు బల్లలు, సైకిళ్ళు అన్నీ ఒక్కసారి వకుళ గొంతుతో నా కొళాయి గురించి, నా గడ్డం గురించి మాట్లాడుతున్నాయి. బల్ల మీద ఫోను మోగుతుంది. ఎత్తుతాను.

"మామా, సుంకన్నను," అంటుంది ఫోను. "కొళాయి కట్టేసినావో లేదో నేను పోయి చూసొచ్చేదా?"

పెట్టేస్తాను.

"ఏమే, ఆ ఎర్రదీపం ఆర్పు."

"ఆరదు. ముగింపు చదివితేనే ఆరేది."

"చదివితే?"

"డ్యూటీ దిగుతా. నీతో ఇంటికొస్తా."

"ఇంటికొచ్చి మాట్లాడతావా?"

మైకు మీద ఆవిరి పెరుగుతుంది.

"డ్యూటీ దిగినాక నాకాడ మాట యాడుంటాది?" అంటుంది. "గరిటె ఉంటాది."

"చదవకపోతే?"

"ఈడనే ఉంటా. నువ్వూ ఉండు. పాటకూ పాటకూ మధ్య ఎంత కావాలంటే అంత మాట్లాడతా. ఊరు వింటే విననీ."

ఇదీ వాళ్ళు నాకు పెట్టిన బేరం. ఇంటికి తీసుకుపోతే ఆమె మూగ. మాట్లాడితే ఆ మాట ముందు మంగలి కుర్చీకి పోతుంది. బతికున్నప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంచి, మధ్యలో ఇంత పెద్ద కట్టడం కట్టారు.

స్టూడియో అద్దం అవతల శేషగిరిరావు గారి పై సగం నిలబడి చదవమని చెయ్యి ఊపుతోంది. కుర్చీ సగం గదిలోనే ఉండిపోయింది. ఇటు కిటికీ దగ్గర ఊళ్ళోవాళ్ళు చేరుతున్నారు. చేతిలో కత్తితో సుంకన్న కూడా వచ్చాడు.

"చదవొద్దు మామా," అంటాడు. "అక్క లేకపోతే వానెప్పుడొస్తాదో మాకెవరు చెప్తారు?"

"అవి పాత వానలు," అంటాను.

"పాతవైతేనేమి మామా. ఎప్పుడో ఒకప్పుడు పడినవే గదా."

ఇలాంటి మనుషులతో ఏం మాట్లాడతాం? వీళ్ళ కోసం చదవకుండా ఉండను. డైరెక్టరు కుర్చీ కోసం చదవను. ముగింపు వాక్యం మాత్రం తనంతట తానే వచ్చి నా నాలుక మీద కూర్చుంది. సీసం ముద్దలా ఉంది. చిన్న వాక్యమే. శ్రోతలందరికీ సెలవు అని చెప్పి, ఊరి పేరు చెప్పి, ఆగాలి. పళ్ళ మధ్య పెట్టుకుని నిలబడతాను.

"నేనొకటడుగుతా," అంటుంది వకుళ. "ఎన్నడన్నా రేడియో పెట్టి నన్ను విన్నావా నువ్వు?"

నోట్లో సీసం ఉంది కాబట్టి బదులు చెప్పే పని లేదు.

"నా గొంతు కావాలని ఇంత దూరం వచ్చినావు. నేను చెప్పేది వినాలనా? ఊరికి లేకుండా చెయ్యాలనా?"

కిటికీ దగ్గర ఎవరూ కదలరు. ఇలాంటి ప్రశ్న ఇంట్లో అడగాలి, తలుపు వేసుకుని. అందరూ వింటుండగా మొగుణ్ణి అడగడం ఏం పద్ధతి? ఈ కేంద్రం ఆమెకు ఏం నేర్పిందో దీన్ని బట్టి తెలుస్తుంది.

"సరేలే," అంటుంది. గొంతులో కోపం లేదు. "పాట అయిపోతాంది. నువ్వేమన్నా నాకు చెప్పేదుంటే చెప్పు."

పాట అయిపోతుంది. రికార్డు మీద ముల్లు ఖాళీ గాడిలో గీరుకుంటూ పోతుంది. తర్వాత అది కూడా ఆగుతుంది. ఊళ్ళో ఇనుమంతా ఊరుకుంటుంది. ఇంత నిశ్శబ్దం ఎర్రదిన్నెలో ఈ స్తంభం పాతకముందు ఉండేది.

బయట చవుడు నేల పెళుసుగా పగులుతుంది. పగుళ్ళలోంచి చిలుము పట్టిన రాగితీగలు పైకి వస్తున్నాయి. ఒక్కొక్క తీగ చివర ఒక్కొక్క చెవి ఉంది. వాన తర్వాత లేచిన పుట్టగొడుగుల్లా మెత్తగా, తడిగా ఉన్నాయి. చేనంత చెవులు. ఊళ్ళోవాళ్ళు వాటిని తొక్కకుండా ఒంటికాలి మీద నిలబడుతున్నారు. గాలి లేదు, అయినా చెవులన్నీ ఒక్కసారి కిటికీ వైపు తిరుగుతాయి.

ఒక తీగ కిటికీ గడప దాటి లోపలికి వస్తుంది. దాని చివర చెవికి ఎర్రరాళ్ళ కమ్మ ఉంది. ఒక రాయి ఊడి ఉంది. పెళ్ళిలో మా అమ్మ వకుళకు పెట్టిన కమ్మ. తీగ మైకును పక్కకు నెట్టి, నా పెదవులకు వెంట్రుకవాసి దూరంలో ఆగుతుంది. చెవి లోపల సన్నని నూగు ఉంది. నా ఊపిరికి అది కదులుతోంది.

నేను అడిగింది గొంతు. వాళ్ళు ఇచ్చింది చెవి.

శేషగిరిరావు గారు అద్దం మీద కొడుతున్నాడు. సుంకన్న ఒంటికాలి మీద నిలబడి, "చెప్పు మామా, అక్క వింటాంది," అంటున్నాడు. నేను వాక్యాన్ని మింగుతాను. అది గొంతు దిగి కడుపులో టంగుమని పడుతుంది. పడిన చప్పుడుకు చెవులన్నీ ఉలిక్కిపడి, మళ్ళీ నిక్కబొడుచుకుంటాయి.

చెవి ఇంకా దగ్గరికి వచ్చి నా పెదవులకు ఆనుతుంది. వెచ్చగా, ఉప్పగా ఉంది. పెదవులు బిగించి నిలబడతాను. ముగింపు చదవను. ఇంకేమీ చెప్పను. ఈ సంగతి ఇక ఎవరితోనూ, ఎన్నడూ మాట్లాడను.